వాణిజ్య స్థలంలో మానిటరింగ్ బోర్ల మూసివేత: పైపు నింపేస్తే సరిపోతుందా?

#1 గేటుతాళం

నమస్కారం. నేను ఒక వాణిజ్య సముదాయం నిర్వహణ చూస్తాను. భూగర్భ శాస్త్రం నాకు రాదు కాబట్టి కాస్త ఓపికతో చెప్పండి.

మా స్థలం ముందు భాగంలో ఒకప్పుడు పెట్రోల్ బంకు ఉండేది. ట్యాంకులు లీకైతే వాటిని తవ్వి తీసేసి, నేల శుభ్రం చేసి, అప్పటి నుంచి బోర్లు వేసి భూగర్భజలాన్ని పరీక్షిస్తూ వచ్చారు. ఇప్పుడు ఫైలు మూసే దశకు వచ్చాం. స్థలం అమ్మకానికి మాటలు నడుస్తున్నాయి. బోర్లన్నీ మూసి కాగితం చేతికిస్తేనే సంతకం అని కొనేవారి వకీలు పట్టుబట్టారు.

మొత్తం తొమ్మిది బోర్లు. ఏడు చిన్నవి, 50 మి.మీ. పీవీసీ పైపు, 9 మీటర్ల లోతు. వాటిలో ఒకటి పార్కింగ్ తారు కింద ఎక్కడో పోయింది, ఇంకొకటి పక్కవారి స్థలంలో ఉంది. ఎనిమిదోది 100 మి.మీ. బోరు, అప్పట్లో నీటిమీద తేలిన పెట్రోల్ తోడటానికి వేశారట. తొమ్మిదోది ఎండబ్ల్యూ-6 (ఎండబ్ల్యూ అంటే మానిటరింగ్ వెల్ అట), దాని లోతు 24 మీటర్లు.

కాంట్రాక్టర్ కొటేషన్ ఒక్క లైనే: "తొమ్మిది బోర్లు సిమెంటుతో నింపి పైన కాంక్రీటు వేసి ఇస్తాం, ఒక రోజు పని." ధర బాగానే ఉంది. ఇందులో తిరకాసు ఏమైనా ఉందా?

#2 రిగ్‌వెనక

ఉంది. తొమ్మిదింటికీ కలిపి ఒకే లైను రాశాడంటే బోరు లాగులు (ఏ లోతులో ఏ పొర ఉందో, పైపు ఎలా దించారో రాసిన పత్రాలు) తెరిచి చూడలేదన్నమాట. తారు కింద పోయిన బోరును కూడా అదే రోజు నింపేస్తాడా? ఎక్కడుందో తెలియకుండానే?

ఎండబ్ల్యూ-6 లాగు ఉంటే ఇక్కడ పెట్టండి. మిగతావి తర్వాత.

#3 ఫైలుపిచ్చి

లాగు కంటే ముందు ఒక ప్రశ్న. నియంత్రణ సంస్థ నుంచి "ఇక పర్యవేక్షణ అక్కర్లేదు, బోర్లు మూసుకోవచ్చు" అని రాతపూర్వకంగా వచ్చిందా? "ఫైలు మూసే దశ" అన్నారు, మూసేశారని అనలేదు. ఉత్తరం రాకముందే సిమెంటు పోస్తే, రేపు వాళ్లు ఇంకో సీజన్ నమూనాలు అడిగితే కొత్త బోరు వేయాలి. అప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

#4 గేటుతాళం

ఉత్తరం ఇంకా రాలేదండీ. రేపో మాపో వస్తుందని కన్సల్టెంట్ అంటున్నారు. కొనేవారు తొందరపడుతుంటే పని మొదలుపెట్టేద్దాం అనుకున్నాం.

#5 నీటిమట్టం

ఆగండి. ఫైలుపిచ్చి గారు చెప్పింది కాగితాల చాదస్తం అనుకోవద్దు, దాని వెనక నేల నడిచే తీరు ఉంది. శుద్ధి పని ఆపిన కొన్నాళ్లకు కాలుష్యం మళ్లీ పైకి లేవడం మామూలే. దీన్ని రీబౌండ్ అంటారు. మట్టి రేణువులకు, బంకమట్టి పొరలకు అంటుకున్నది నెమ్మదిగా నీటిలోకి వస్తూ ఉంటుంది. అది తగ్గిందా లేదా అని చూడటానికే నీటిమట్టం ఎక్కువగా ఉన్న కాలంలోనూ, తక్కువగా ఉన్న కాలంలోనూ నమూనాలు తీస్తారు. పైగా తాగునీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన మార్గదర్శక విలువ లీటరుకు 10 మైక్రోగ్రాములే. ఇంత చిన్న అంకె దగ్గర కొద్దిపాటి రీబౌండ్ కూడా ఫలితాన్ని తిప్పేస్తుంది.

ఉత్తరం వచ్చేవరకు ఒక్క బోరు కూడా ముట్టుకోవద్దు. కొనేవారికి తొందరైతే బోర్ల మూసివేత ఖర్చుకు సరిపడా డబ్బు మూడో పక్షం దగ్గర ఉంచి ఒప్పందం చేసుకునే పద్ధతి ఉంది. అది వకీళ్లు మాట్లాడుకోవాల్సిన విషయం.

#6 కొత్తబ్యాచ్

ఒక అమాయక ప్రశ్న. 50 మి.మీ. పైపు అంటే చేయి కూడా దూరదు. మూత పెట్టి తాళం వేసి అలాగే వదిలేస్తే ఏమవుతుంది?

#7 రిగ్‌వెనక

మూతలు ఎంతకాలం ఉంటాయనుకున్నావు తమ్ముడూ? లారీ టైరు ఎక్కితే పగులుతుంది, బోల్టులు తుప్పు పడతాయి, రబ్బరు సీలు ఎండిపోతుంది. తర్వాత పార్కింగ్ మీద పారే వాననీళ్లు ఇంజిన్ ఆయిల్‌తో సహా నేరుగా కిందికి. బంకుల్లో ట్యాంకర్ మనుషులు మానిటరింగ్ బోరును ట్యాంకు నోరు అనుకుని అందులో పెట్రోల్ పోసిన సంఘటనలు కూడా ఉన్నాయి. అందుకే మూతల మీద తెల్లటి నేపథ్యంపై నల్ల త్రిభుజం వేసే పద్ధతి వచ్చింది. త్రిభుజం పెయింటే కదా, అదీ పోతుంది.

#8 గేటుతాళం

పాత నివేదికలో ఎండబ్ల్యూ-6 లాగు దొరికింది. చేతిరాత, నాకు అర్థమైనంత వరకు టైప్ చేస్తున్నాను.

0 నుంచి 11 మీటర్లు ఇసుక, ఒండ్రు. 11 నుంచి 15 మీటర్లు గట్టి బూడిద రంగు బంకమట్టి. 15 నుంచి 24 మీటర్లు ముతక ఇసుక. బోరు వ్యాసం 200 మి.మీ. స్లాటెడ్ పైపు 21 నుంచి 24 మీటర్లు. సాండ్ ప్యాక్ 10 నుంచి 24 మీటర్లు. దానిపైన బెంటోనైట్ 1 మీటరు, ఆపైన సిమెంటు గ్రౌట్.

నీటిమట్టం చిన్న బోర్లలో నేల నుంచి 4 మీటర్ల లోతున, ఎండబ్ల్యూ-6లో 6.5 మీటర్ల లోతున ఉందని రాశారు. ఎండబ్ల్యూ-6 నీటిలో ఇప్పటిదాకా ఏమీ దొరకలేదు.

#9 నీటిమట్టం

సాండ్ ప్యాక్ 10 నుంచి 24 వరకా? మళ్లీ ఒకసారి చూడండి. 20 నుంచి 24 కాదు కదా?

#10 గేటుతాళం

10 అనే ఉంది. పక్కన ఎన్ని బస్తాల ఇసుక పోశారో కూడా రాశారు.

#11 నీటిమట్టం

అయితే ఈ థ్రెడ్ అంతా ఆ ఒక్క అంకె గురించే. వివరంగా రాస్తాను.

బోరు తవ్విన వ్యాసం 200 మి.మీ., అందులో దించిన పైపు 50 మి.మీ. పైపు చుట్టూ మిగిలిన ఖాళీలో అడుగున స్క్రీన్ (నీరు లోపలికి వచ్చే గాట్లున్న పైపు) దగ్గర ఇసుక, అంటే సాండ్ ప్యాక్, దానిపైన బెంటోనైట్ (నీళ్లు తాగి ఉబ్బే బంకమట్టి) సీలు, ఆపైన గ్రౌట్ (నీళ్లు కలిపిన సిమెంటు జావ) నింపుతారు. సీలు బంకమట్టి పొర దగ్గర కూర్చోవాలి. ఎందుకంటే పై నీటిని, కింది నీటిని వేరు చేస్తున్నది ఆ బంకమట్టే. దానికి కన్నం పెట్టి కిందికి దిగినవాళ్లు ఆ కన్నాన్ని తిరిగి సీలు చేసి రావాలి.

మీ బోరులో ఇసుక 10 మీటర్ల వరకు పోశారు. అంటే 11 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్న బంకమట్టికి అడ్డంగా, పైపు చుట్టూ, ఇసుకతో నిండిన దారి ఉంది. కాంట్రాక్టర్ పైపు లోపల ఎంత మంచి సిమెంటు పోసినా ఆ దారి అలాగే ఉంటుంది. పైన కాంక్రీటు వేసి ఫొటో తీస్తే చూడటానికి మూసినట్టే కనిపిస్తుంది.

నీటిమట్టాలు కూడా చూడండి. పైపొర నీరు 4 మీటర్ల దగ్గర, కిందిపొర నీరు 6.5 మీటర్ల దగ్గర. అంటే ఒత్తిడి తేడా పై నుంచి కిందికి ఉంది. పైన ఏదైనా చేరితే ఆ ఇసుక గుండా కిందికే దిగుతుంది.

ఇప్పటిదాకా ఏమీ దొరకలేదంటే పైన ఆ చోట కాలుష్యం లేకపోయి ఉండొచ్చు. దారి లేదని మాత్రం దానర్థం కాదు. రేపు ఆ స్థలంలో ఎవరు ఏ వ్యాపారం పెడతారో మనకు తెలియదు కదా.

#12 కొత్తబ్యాచ్

పైపుకు రంధ్రాలు పొడిచి లోపలి నుంచి ఒత్తిడితో గ్రౌట్ పంపిస్తే బయటి ఇసుకలోకి వెళ్లదా? ఒక మాన్యువల్‌లో చదివాను.

#13 నీటిమట్టం

ఆ పద్ధతి ఉంది. పైపు బయట ఖాళీ ఉన్నప్పుడో, పాత గ్రౌట్ పగిలినప్పుడో పనికొస్తుంది. సాండ్ ప్యాక్ విషయంలో నాకు నమ్మకం లేదు. మామూలు సిమెంటు రేణువులు కంకరలోకి, బాగా ముతక ఇసుకలోకి చొరబడతాయి కానీ సన్నటి ఇసుకలో కొంచెం దూరం వెళ్లి ఆగిపోతాయి, నీరు మాత్రం వడకట్టుకుని ముందుకు పోతుంది. లోపల ఏం జరిగిందో చూడటానికి మార్గమూ లేదు.

ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం ఇచ్చిన డి5299 మార్గదర్శిలోనూ, న్యూయార్క్ రాష్ట్రం వాడే సీపీ-43 విధానంలోనూ ఒకే పద్ధతి అందరికీ అని ఉండదు. బోరు ఎలా కట్టారు, ఎన్ని పొరలు దాటింది, సీలు నమ్మదగినదా అని చూసి పద్ధతి ఎంచుకోమంటారు. ఇక్కడ ఓవర్‌డ్రిల్లింగ్ తప్ప వేరే దారి కనిపించడం లేదు.

#14 రిగ్‌వెనక

ఒప్పుకుంటాను, కానీ ఓవర్‌డ్రిల్లింగ్ అంటే కాగితం మీద ఉన్నంత తేలిక కాదు. పాత బోరు కంటే పెద్ద హాలో స్టెమ్ ఆగర్‌తో, అంటే మధ్యలో బోలుగా ఉండే బరమాతో, పైపు చుట్టూ తవ్వుకుంటూ అడుగు వరకు దిగి, పైపు, ఇసుక, పాత గ్రౌట్ అన్నీ బయటికి తీయాలి. ఆగర్ పక్కకు జరిగిందంటే పైపును వదిలేసి కొత్త మట్టిలో తవ్వుకుంటూ పోతుంది. అప్పుడు ఒకటి మూయబోయి రెండు కన్నాలు చేసినట్టు. అందుకే పైపు లోపల గైడ్ రాడ్ దించి దాని వెంట తవ్వుతాం. బయటికి వచ్చే మట్టిలో పీవీసీ ముక్కలు ఆగకుండా వస్తున్నాయా అని ఒకడు చూస్తూ ఉండాలి. ముక్కలు రావడం ఆగిపోతే రిగ్ ఆపాల్సిందే.

పైపును పైకి లాగేద్దాం అనేవాళ్లు ఉంటారు. 24 మీటర్ల పీవీసీ, చుట్టూ బిగుసుకున్న గ్రౌట్. మర దగ్గర తెగుతుంది, సగం లోపలే ఉండిపోతుంది.

ఇంకోటి, తవ్వే ముందు కరెంటు కేబుళ్లు, నీటి పైపులు ఎటు పోతున్నాయో గుర్తు పెట్టించండి. బోరు వేసినప్పుడు లేని కేబులు ఇప్పుడు ఉండొచ్చు.

#15 గేటుతాళం

ఓనరు గారికి చెప్పాను. "ఒక్క బోరుకు మిగతా ఎనిమిదింటి కంటే ఎక్కువ ఖర్చా?" అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

#16 రిగ్‌వెనక

లీటర్ల లెక్క చూపించండి. 50 మి.మీ. పైపులో మీటరుకు సుమారు 2 లీటర్లు పడుతుంది. 24 మీటర్లకు 47 లీటర్లు. అదే 250 మి.మీ. ఆగర్‌తో తవ్వితే మీటరుకు 49 లీటర్లు, మొత్తం 1,180 లీటర్ల దాకా. 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్ల నీళ్లు కలిపితే దాదాపు 40 లీటర్ల స్లర్రీ వస్తుంది. అంటే ఒక చోట బస్తా పైచిలుకు, ఇంకో చోట ముప్పై బస్తాలు. రిగ్ కిరాయి వేరు. మీ మొదటి కొటేషన్ ఎందుకంత చౌకో ఇప్పుడు తెలిసిందా?

#17 బెంటోనైట్ భక్తుడు

అందరూ సిమెంటు సిమెంటు అంటున్నారు. చిన్న బోర్లకు బెంటోనైట్ చిప్స్ పోయండి. సిమెంటు గట్టిపడ్డాక కుంచించుకుపోయి పైపు గోడ దగ్గర సన్నని సందు వదులుతుంది. బెంటోనైట్ నీళ్లు తాగి ఉబ్బుతుంది, మెత్తగా ఉంటుంది, నేల కొంచెం కదిలినా పగలదు.

#18 రిగ్‌వెనక

50 మి.మీ. పైపులో పైనుంచి చిప్స్ గుమ్మరిస్తే నీటిమట్టం తగలగానే ఉబ్బి, మధ్యలోనే ఇరుక్కుని కూర్చుంటాయి. పైన నిండినట్టు కనిపిస్తుంది, కింద ఖాళీ.

#19 బెంటోనైట్ భక్తుడు

గుమ్మరించమని ఎవరన్నారు? సన్నటి సైజు తీసుకుని, దుమ్ము జల్లించి, కొద్దికొద్దిగా పోస్తూ, ప్రతిసారీ బరువు కట్టిన టేపుతో ఎత్తు కొలుస్తూ పోతే ఇరుక్కోవు. ఓపిక లేనివాళ్లు సిమెంటు వాడుకోండి.

#20 నీటిమట్టం

ఇద్దరూ చెప్పేదాంట్లో నిజం ఉంది. ఈ స్థలానికి మాత్రం నేను సిమెంటు వైపే. మొదటి 4 మీటర్లు పొడి నేల. పొడిలో బెంటోనైట్‌కు మనమే నీళ్లు పోసి నానబెట్టాలి, తర్వాత ఎండితే అది కూడా పగులుతుంది. రెండోది, పెట్రోల్ తేలే చోట, ఉప్పునీటి చోట బెంటోనైట్ సరిగా ఉబ్బదు. సిమెంటులో బరువు లెక్కన 2 నుంచి 5 శాతం బెంటోనైట్ కలిపితే కుంచించుకుపోవడం కొంత తగ్గుతుంది. దాన్ని ట్రెమీ పైపుతో (బోరు అడుగు వరకు దించే సన్నని గొట్టం) అడుగు నుంచి పైకి పోయాలి, ట్రెమీ చివర ఎప్పుడూ గ్రౌట్‌లో మునిగే ఉండాలి. పైనుంచి పోస్తే నీళ్లలో పడి సిమెంటు విడిపోతుంది.

పైకి పొంగే నీటిని పార్కింగ్‌లో వదలొద్దు. డ్రమ్ముల్లో పట్టి పరీక్ష చేయించి పంపాలి. సిమెంటు వల్ల చుట్టుపక్కల నీటి పీహెచ్ పెరుగుతుంది కాబట్టి, పక్కన ఇంకా నమూనాలు తీయాల్సిన బోరు ఉంటే ముందు ఆ పని ముగించండి.

#21 మోడరేటర్

సిమెంటు, బెంటోనైట్ వివాదానికి వేరే థ్రెడ్ ఉంది, అది ఇప్పటికే చాలా పొడవైంది. ఇక్కడ ప్రశ్నకే పరిమితం అవుదాం.

#22 కొత్తబ్యాచ్

100 మి.మీ. బోరు గురించి ఎవరూ మాట్లాడలేదు.

#23 నీటిమట్టం

మంచి పని చేశావు. గేటుతాళం గారూ, అందులో ఆయిల్-వాటర్ ఇంటర్‌ఫేస్ ప్రోబ్‌తో (నీటిమీద తేలే పెట్రోల్ పొరను కొలిచే పరికరం) చివరిసారి కొలిచింది ఏ కాలంలో? నీటిమట్టం పెరిగినప్పుడు పెట్రోల్ పొర మట్టిలో చిక్కుకుపోయి బోరులో కనిపించకుండా పోతుంది, మట్టం దిగినప్పుడు మళ్లీ వచ్చి చేరుతుంది. మట్టం బాగా దిగిన కాలంలో కూడా పొర లేదని కొలతలు ఉంటేనే మూయండి. పొర ఉంటే అసలు ఉత్తరం రావడమే కష్టం.

#24 గేటుతాళం

చూశాను, రెండు కాలాల్లోనూ కొలిచారు, పొర లేదు. హమ్మయ్య.

పోయిన బోరు సంగతి?

#25 రిగ్‌వెనక

మూత ఇనుముదైతే మెటల్ డిటెక్టర్ చాలు. పాత సర్వే పటంలో మిగతా బోర్ల నుంచి దూరాలు ఉంటాయి, వాటితో టేపు లాగితే దగ్గరికి వస్తారు. దొరక్కపోతే నేలలోకి చూసే రాడార్ పెట్టించండి. కాకపోతే తారు మీద రాడార్ ఒక్కోసారి అన్నీ బోర్లే అని చూపిస్తుంది.

#26 ఫైలుపిచ్చి

ఎంత వెతికినా దొరక్కపోతే ఎక్కడెక్కడ, ఎలా వెతికారో రాసి నియంత్రణ సంస్థకు ఇవ్వండి. మూసినట్టు మాత్రం పట్టికలో రాయనివ్వకండి. పక్కవారి స్థలంలోని బోరుకు పాత ప్రవేశ ఒప్పందం గడువు చూడండి. అయిపోయి ఉంటే కొత్తది రాసుకోండి, తవ్విన చోటును మునుపటిలా చేసి ఇస్తామని అందులో ఉండాలి.

కొత్త కొటేషన్‌లో ప్రతి బోరుకు విడి లైను అడగండి. పని మొదలుపెట్టే ముందు కొలిచిన లోతు, లెక్క ప్రకారం పట్టాల్సిన గ్రౌట్, నిజంగా పోసిన గ్రౌట్, ఈ మూడు అంకెలు ఒకే వరుసలో రావాలి. నాకు ఫొటోల కంటే ఇవే ముఖ్యం.

#27 గేటుతాళం

చాలా రోజుల తర్వాత వస్తున్నాను. ఉత్తరం వచ్చింది, పని అయింది. పోయిన బోరు మెటల్ డిటెక్టర్‌కే దొరికింది, కొత్త తారు పొర కింద ఉంది.

ఎండబ్ల్యూ-6 ఓవర్‌డ్రిల్ చేశారు. లెక్క 1,180 లీటర్లు, పట్టింది 1,340. మర్నాడు చూస్తే గ్రౌట్ 40 సెంటీమీటర్లు దిగింది, మళ్లీ నింపారు. ఎక్కువ పట్టినందుకు కంగారు పడాలా? చిన్న బోర్లలో ఎండబ్ల్యూ-3 ఒక్కదానికి 18 బదులు 13 లీటర్లే పట్టింది, అక్కడ సిమెంటు మిగిలింది.

#28 రిగ్‌వెనక

ఎక్కువ పట్టడం మామూలే, ముతక ఇసుక గోడలు కొంత తాగుతాయి. దిగడమూ మామూలే, నింపారు కదా. ఎండబ్ల్యూ-3 చూడండి. తక్కువ పట్టిందంటే లోపల ఏదో చోటు తీసుకుంది.

#29 ఫైలుపిచ్చి

కొలిచిన లోతు ఎంత రాశారు? చివరి నమూనా షీటులో ఎంత ఉంది?

#30 గేటుతాళం

పని రోజు 6.6 మీటర్లు. చివరి నమూనా షీటులో 8.9. కాంట్రాక్టర్ "అడుగున బురద చేరింది" అంటున్నాడు.

#31 ఫైలుపిచ్చి

ఒక్క సీజన్‌లో 2.3 మీటర్ల బురద? ఆ షీటులోనే రిమార్కుల గడి చూడండి.

#32 గేటుతాళం

"తాడు తెగింది, బైలర్ లోపలే ఉండిపోయింది" అని ఉంది. దీన్ని ఎవరూ చూడలేదు.

#33 నీటిమట్టం

అయితే బైలర్ (నమూనా నీరు తోడే సన్నని గొట్టం) అడ్డంగా ఇరుక్కుని ట్రెమీ దాని మీదే ఆగింది. దాని కింద గ్రౌట్ లేదు. పైపులో ఉన్న పంపులు, ట్యూబులు, బైలర్లు అన్నీ తీశాకే గ్రౌట్ పోయాలి. ఆ బోరు ఒకే పొరలో ఉంది, బంకమట్టిని దాటలేదు, పైన సీలు పడింది. కాబట్టి ప్రమాదం చిన్నదే, వివరణ రాస్తే నియంత్రణ సంస్థ ఒప్పుకునే అవకాశం ఉంది.

#34 ఫైలుపిచ్చి

నేను ఒప్పుకోను. ప్రమాదం చిన్నదైనా కొనేవారి వకీలు ఆ వరుస చూస్తే మొత్తం పట్టికను అనుమానిస్తారు. కాంట్రాక్టర్ ఖర్చుతోనే ఓవర్‌డ్రిల్ చేయించండి. కొటేషన్‌లో "పైపులోని పరికరాలు తొలగించి" అనే మాట ఉందా?

#35 గేటుతాళం

ఉంది, మీరంతా చెప్పాక పెట్టించాను. కాంట్రాక్టర్‌తో మాట్లాడాను, గొణిగినా ఒప్పుకున్నాడు. రిగ్ వచ్చేవారం వస్తుంది. ఈలోపు ఆ చోట తారు వేసి పార్కింగ్ తెరిచేయనా? దుకాణాలవాళ్లు గొడవ చేస్తున్నారు.

#36 రిగ్‌వెనక

తారు వద్దు, మళ్లీ కోయాలి. మందపాటి ఇనుప రేకు పరిచి కార్లు పోనివ్వండి, లారీలు మాత్రం వద్దు. 9 మీటర్లే కాబట్టి మధ్యాహ్నానికి అయిపోతుంది. బైలర్ ముక్కలు బయటికి వచ్చాయో లేదో మీరే దగ్గరుండి చూసుకోండి. గ్రౌట్ మర్నాడు కొలిచి, దిగితే నింపి, ఆ తర్వాతే తారు.